నాయనకు సెకండ్ హ్యాండ్ వీల్ చెయిర్: కొలతలు, ఖర్చులు, చేసిన తప్పులు

అక్టోబరులో నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆరు వారాలు మంచం నుంచి బాత్రూముకు, బాత్రూము నుంచి మంచానికి నేనూ అమ్మా చెరో పక్క పట్టుకుని తిప్పాం. నేను పొద్దున ఎనిమిదికి డ్యూటీకి పోతే సాయంత్రం ఆరు దాకా ఇంట్లో వాళ్లిద్దరే. నాయన బరువు 62 కిలోలు, అమ్మ బరువు 49. డిసెంబరు మొదటి వారంలో అమ్మకు నడుము పట్టేసింది. ఈ పని అప్పుడు మొదలైంది.

మూడు నెలల పైన పట్టింది. ఏది కొన్నానో, ఎంతకు కొన్నానో, ఎక్కడ తప్పానో తేదీలతో రాసుకున్నాను. ఇదే అవసరం పడినవాళ్లు ఈ కొలతలు వాడుకోండి. నేను పోగొట్టుకున్న డబ్బు మీరు పోగొట్టుకోవద్దు. ఇల్లు కడపలో, ఎర్రముక్కపల్లి వైపు. పాతకాలపు ఇల్లు, నేలంతా కడప బండలు.

1వ దశ: టేపు లేకుండా పోయాను (డిసెంబరు 8)

ఆసుపత్రి సామాన్లు అమ్మే ఒక షాపులో పాత కుర్చీ చూశాను. మెరుస్తూ ఉంది, చక్రాలు తిరుగుతున్నాయి, ధర 3,500 అన్నారు. అక్కడే 500 అడ్వాన్సు ఇచ్చేశాను. ఇంటికొచ్చి తలుపులు కొలిచాను. కుర్చీ మొత్తం వెడల్పు 26 అంగుళాలు. బెడ్రూము తలుపు దగ్గర 27 అంగుళాల దారి ఉంది, అందులో పడుతుంది. బాత్రూము దగ్గర ఉన్నది 22న్నర. మాకు కుర్చీ కావలసిందే ముఖ్యంగా బాత్రూముకు.

ఇంకో తప్పు కూడా బయటపడింది. దాని సీటు 18 అంగుళాలు. నాయన కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు 14న్నర. అంటే పక్కన మూడున్నర అంగుళాల ఖాళీ. పడిపోయిన పక్క ఖాళీ ఉంటే మనిషి అటే ఒరుగుతాడు. మంచం మీద రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టినా నాయన కుడివైపుకు వాలిపోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా షాపులో ఆ సంగతి తట్టలేదు.

అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు. ఆటోకు 120.

ఇప్పటిదాకా ఖర్చు: 620.

2వ దశ: ముందు మనిషి, తరువాత ఇల్లు, ఆ తరువాత కుర్చీ (డిసెంబరు 10–27)

ఆ రాత్రి కూర్చుని తీసిన కొలతలు ఇవి. నాయనను గట్టి చెక్క కుర్చీలో కూర్చోబెట్టి తీశాను. మంచం మీద తీస్తే పరుపు కుంగి లెక్క తప్పుతుంది.

1. తుంటి వెడల్పు: 14న్నర. దీనికి ఒకటి నుంచి రెండు అంగుళాలు కలిపితే సీటు వెడల్పు. మాకు 16.
2. వీపు ఆనే చోటు నుంచి మోకాలి వెనక దాకా: 18. ఇందులో రెండు తీసేస్తే సీటు లోతు. మాకు 16. రెండు తీయకపోతే సీటు అంచు మోకాలి వెనక నరాలను నొక్కుతుంది.
3. మోకాలి వెనక నుంచి మడమ దాకా: 16న్నర. ఫుట్‌రెస్ట్ ఎంత దించాలో దీన్ని బట్టి. దించినాక కూడా నేలకు కనీసం రెండు అంగుళాల ఎత్తు ఉండాలి.
4. అన్ని తలుపులూ, రెక్క తెరిచి ఉన్నప్పుడు మిగిలే దారి: వీధి తలుపు 33, బెడ్రూము 27, బాత్రూము 22న్నర.
5. వీధి తలుపు గడప ఎత్తు: 3.
6. వసారా నుంచి ముంగిటి నేలకు: రెండు మెట్లు, మొత్తం 13.

ఈ కాగితం జేబులో పెట్టుకుని పదిహేను రోజుల్లో నాలుగు కుర్చీలు చూశాను. పాత కుర్చీలో టైరు, బేరింగు, సీటు గుడ్డ, బ్రేకు అన్నీ మార్చుకోవచ్చు. ఫ్రేము వంకర పోతే మాత్రం ఏమీ చేయలేం. అందుకని పరీక్ష ఫ్రేముతోనే మొదలుపెట్టాలి. నేను చేసిన వరుస ఇది.

1. కుర్చీని చదునైన బండ మీద పెట్టి, నాలుగు చక్రాల కిందా ఒక్కొక్కటిగా కాగితం దూర్చి చూడాలి. ఏ చక్రం కిందైనా కాగితం సులభంగా జారిందంటే అది నేలకు ఆనడం లేదు.
2. కుడి వెనక చక్రం ఇరుసు నుంచి ఎడమ ముందు చక్రం బోల్టు దాకా ఐమూలగా కొలవాలి. ఎడమ నుంచి కుడికి కూడా అలాగే. రెండూ సమానంగా ఉండాలి. పావు అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే వద్దు.
3. సీటు కింద కత్తెరలా ఉండే రెండు కడ్డీలు, వాటి నడిమి బోల్టు, వెల్డింగులు. వేలిగోరుతో గీకి చూడాలి. పెయింటు కింద సన్న చీలిక ఉంటే గోరు తగులుకుంటుంది.
4. మూడుసార్లు మడిచి, తెరవాలి.
5. ఖాళీ కుర్చీని మెల్లగా తోసి వదిలేయాలి. పదడుగులు నేరుగా పోవాలి.
6. మనిషిని కూర్చోబెట్టి బ్రేకులు వేసి వెనక నుంచి తోయాలి.

మొదటి కుర్చీకి ఐమూల తేడా ముప్పావు అంగుళం వచ్చింది. రెండోదానికి కత్తెర దగ్గర వెల్డింగు చీలి ఉంది, దాని మీద కొత్త పెయింటు వేశారు. మూడోది బాగుంది కానీ సీటు 18.

నాలుగోది చిన్నచౌకులో ఒక ఇంట్లో దొరికింది. వాళ్ల అవ్వ వాడిన కుర్చీ. ఆమె పోయి రెండేళ్లయింది, మెట్ల కింద దుప్పటి కప్పి పెట్టారు. సీటు 16, లోతు 16, మొత్తం వెడల్పు 23 ముప్పావు, సీటు ఎత్తు 19న్నర, బరువు 17 కిలోల చిల్లర. ఐమూలలు రెండూ ఒక్క నూలు తేడా లేకుండా వచ్చాయి. టైర్లు మాత్రం ఎండిపోయి పగిలాయి, చక్రాలు తిప్పితే గరగరమంటున్నాయి. ఆ ఇంటాయన 3,000 చెప్పాడు. నేను టైర్లు చూపించి 2,000 అన్నాను. ఆయన కాసేపు కుర్చీ వైపే చూసి, "2,300 ఇయ్యప్పా, మీ నాయన కూర్చుంటే చాలు" అన్నాడు. అంతకు మించి బేరం చేయడానికి నాకు నోరు రాలేదు. తీసుకొచ్చిన ఆటోకు 150.

ఇప్పటిదాకా ఖర్చు: 3,070.

ఇక్కడ ఒక మాట. 60 దాటిన పేద వృద్ధులకు వీల్ చెయిర్లు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం ఉంది. 2017లో మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. కాన్పూరులోని ఆలింకో సంస్థ ద్వారా శిబిరాలు పెట్టి ఇస్తారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు కూడా ముందే పేరు రాయించుకోవడం మంచిది, పింఛనుకైనా మరో సాయానికైనా మొదట అడిగేది అదే. నేను రెండింటికీ తిరిగాను. అయితే శిబిరం ఎప్పుడు పెడితే అప్పుడే కుర్చీ వస్తుంది. నాయనకు బాత్రూము అవసరం రోజుకు ఆరుసార్లు. దరఖాస్తు దారి దరఖాస్తుది, కుర్చీ దారి కుర్చీది అనుకుని రెండూ ఒకేసారి నడపండి.

3వ దశ: చక్రాలు (డిసెంబరు 28–జనవరి 11)

మా చిన్నాన్న కొడుకు కువైట్ నుంచి వచ్చి ఉన్నాడు. వాడి దగ్గర విమానం లగేజీ తూచే చిన్న డిజిటల్ త్రాసు ఉంది. కొక్కెం తగిలించి లాగితే ఎన్ని కిలోల బలం పడుతుందో చూపిస్తుంది. దాన్ని అడిగి తీసుకున్నాను. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన సాధనం అదే. కుర్చీ ముందు కడ్డీకి తాడు కట్టి, త్రాసు కొక్కెం తాడుకు తగిలించి, ఒకే వేగంతో మెల్లగా లాగుతూ అంకె చూడాలి. మూడుసార్లు చూసి నడిమి అంకె రాసుకోవాలి. అమ్మ తోయాల్సిన బరువు అదే.

నాయన కూర్చుని ఉండగా, చదునైన బండల మీద మొదటి అంకె: 3.4 కిలోలు.

వెనక చక్రాల బేరింగులు విప్పాను. పాత గ్రీజు గట్టిపడి మట్టిలా ఉంది, రెండింటికి తుప్పు. పాత బేరింగు పక్కన నంబరు చెక్కి ఉంటుంది. వెనకవాటికి 6001, అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు. ముందు చిన్న చక్రాలవి 608, రంధ్రం 8 మిల్లీమీటర్లు. బేరింగుల షాపులో వీల్ చెయిర్ పేరు చెప్పనక్కర్లేదు. నంబరు చెబితే కౌంటరు మీద పెడతారు. వెనకకు నాలుగు (280), ముందుకు నాలుగు (140), గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే (240). కొత్త బేరింగును సుత్తితో కొట్టేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి. లోపలి రింగు మీద కొడితే లోపలి గోళీలు దెబ్బతింటాయి. దానికి సరిపోయే పాత సాకెట్ ఒకటి అడ్డం పెట్టి కొట్టాను.

బేరింగులు మార్చాక: 1.9 కిలోలు.

టైర్ల దగ్గర మళ్లీ తప్పాను. చక్రం 24 అంగుళాలు కదా అని సైకిల్ షాపులో పిల్లల సైకిల్ 24 అంగుళాల టైరు ఒకటి కొన్నాను, 280. ఎంత లాగినా రిమ్ము మీదకు ఎక్కలేదు. మేస్త్రీ పాత టైరు పక్కన ఉన్న అచ్చు చూపించాడు: 37-540. వెనక ఉన్న 540 అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. నేను కొన్న సైకిల్ టైరు మీద 507 అని ఉంది. రెండింటినీ 24 అంగుళాలనే అంటారు కానీ నడుమ 33 మిల్లీమీటర్ల తేడా. టైరు కొనేటప్పుడు అంగుళాలు చూడొద్దు, ఈ మూడంకెల నంబరు చూడండి. టైరు లివర్లతో అంచు గీసుకుపోయింది కాబట్టి షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

సరైన టైర్లు తెప్పించడానికి ఎనిమిది రోజులు పట్టింది. టైర్లు 680, ట్యూబులు 220, రిమ్ము బెండు తీసి స్పోకులు బిగించినందుకు 150.

గాలి నిండుగా కొట్టాక: 1.2 కిలోలు. అమ్మ ఒక చేత్తో తోసి చూసింది. "ఇంత తేలికనా" అని మళ్లీ హాలు చివరిదాకా తోసుకుపోయింది.

ఇప్పటిదాకా ఖర్చు: 5,060.

4వ దశ: సీటు, దిండు, పనికిరాని చిన్న చక్రాలు (జనవరి 12–30)

పాత సీటు రెగ్జిన్ ఊయలలా జారి ఉంది. జారిన సీటులో తొడలు లోపలికి ముడుచుకుని, మనిషి వంకరగా కూర్చుంటాడు. సోఫాలు కుట్టే అతని దగ్గర రెండు పొరల రెగ్జిన్, లోపల కాన్వాసు వేయించి కొత్తది కుట్టించాను, 350.

దిండు విషయం చిన్నదనుకోవద్దు. మొదట 200 పెట్టి మామూలు సోఫా స్పాంజి మూడంగుళాలది తెచ్చాను. నాయన రెండు గంటలు కూర్చున్నాక పడుకోబెడితే తోక ఎముక దగ్గర ఎర్రగా ఉంది. అరగంట తరువాత చూసినా ఆ ఎరుపు పోలేదు. ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే అమ్మాయి చూసి, "ఇది పుండు కావడానికి ముందు మెట్టన్నా, ఇవాళే మార్చండి" అంది. మనిషి కూర్చుని ఉండగా దిండు కింద అరచెయ్యి పెట్టి చూడమని కూడా చెప్పింది. నా చేతికి నాయన ఎముక తగిలింది. మూడంగుళాల స్పాంజి అరంగుళం కూడా మిగలకుండా అణిగిపోయింది. అది తెలిశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు గంటలు ఆయన నొప్పి చెప్పలేక అలాగే కూర్చున్నాడు.

మరుసటి రోజు పరుపుల షాపుకు పోయి, కింద 40 డెన్సిటీ గట్టి ఫోమ్ ఒకటిన్నర అంగుళం, పైన మెత్తటిది ఒక అంగుళం అతికించి తెచ్చాను, 650. చెమట పీల్చేలా నూలు గుడ్డ కవరు, 150. ఇప్పుడు అరచేతికి ఎముక తగలడం లేదు. అయినా ప్రతి అరగంటకు అమ్మ ఆయన్ను ఎడమ పక్కకు, ముందుకు వంచి ఒక నిమిషం బరువు మారుస్తుంది. గోడ గడియారం పక్కనే రాసి అతికించాం.

ఇక చిన్న చక్రాల సంగతి. ఒక పక్క చచ్చుబడినవాళ్లు మంచి చెయ్యి, మంచి కాలు వాడి కుర్చీని సొంతంగా నడపగలరని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఎడమ చేత్తో రింగు తిప్పుతూ, ఎడమ పాదంతో నేలను వెనక్కి లాగుతూ పోవడం. దానికి పాదం నేలకు పూర్తిగా ఆనాలి. మా సీటు ఎత్తు 19న్నర, పైన దిండు. నాయన కాలు పొడవు 16న్నర. ఎనిమిదంగుళాల ముందు చక్రాలు తీసి ఆరంగుళాలవి వేస్తే ముందు వైపు ఒక అంగుళం దిగుతుందని లెక్క వేసి 480 పెట్టి తెచ్చాను.

దిగిన మాట నిజమే. సీటు కూడా ముందుకు వాలింది. పది నిమిషాల్లో నాయన జారుకుంటూ సీటు అంచుకు వచ్చేశాడు. చిన్న చక్రాల నిలువు ఇరుసు కూడా ముందుకు వాలడంతో తోస్తుంటే అవి అటూ ఇటూ కొట్టుకున్నాయి. ఆ సాయంత్రమే పాత చక్రాలు తిరిగి బిగించాను. మీ ఇంట్లోవాళ్లకు ఒక పక్కే పోయి, రెండో పక్క గట్టిగా ఉంటే, వెనక ఇరుసుకు ఫ్రేము మీద రెండు మూడు రంధ్రాలున్న కుర్చీ వెతకండి. దాన్ని వెనకా ముందూ సమానంగా దించవచ్చు. మా కుర్చీకి ఒక్క రంధ్రమే ఉంది. కొనేటప్పుడు ఈ సంగతి నాకు తెలిసి ఉంటే ఇంకో నెల ఆగేవాణ్ని.

ఇప్పటిదాకా ఖర్చు: 6,890.

ఈ అంకె దగ్గర ఆగి లెక్క వేశాను. నేను మొదట అడ్వాన్సు పోగొట్టుకున్న షాపులోనే కొత్త కుర్చీ 6,500 ఉంది. దిండు దేనికైనా కొనాల్సిందే కాబట్టి 800 పక్కన పెడితే నా ఖర్చు 6,090. అందులో నా తప్పుల వల్ల పోయింది 1,580. అంటే పాతది కొని నేను మిగుల్చుకున్నది 410 రూపాయలు. కొలుచుకుని కొని ఉంటే దాదాపు 2,000 మిగిలేది. 16 అంగుళాల సీటు ఇక్కడ కొత్తగా దొరకలేదు కాబట్టి నాకు బాధ లేదు. కానీ 18 సీటు సరిపోయేవాళ్లు, టైర్లూ బేరింగులూ రెండూ పోయిన కుర్చీకి 2,500 దాటి ఇవ్వకండి.

5వ దశ: బాత్రూము తలుపు (ఫిబ్రవరి 1–4)

కుర్చీ 23 ముప్పావు, దారి 22న్నర. ఒకటింపావు అంగుళం చాలదు. గోడ పగలగొట్టమన్నవాళ్లే ఎక్కువ.

1. దార్వంద్రం నుంచి దార్వంద్రానికి కొలిస్తే 24 ఉంది. తెరిచిన తలుపు రెక్క మందమే ఒకటిన్నర అంగుళం తినేస్తోంది.
2. రెక్కను బయటికి, గోడకు పూర్తిగా ఆనేలా తెరుచుకునేట్టు కొత్త బందులతో మార్పించాను. దారి 24 అయింది. బయటికి తెరుచుకోవడం ఇంకో రకంగా కూడా మేలు. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడినా బయటి నుంచి తెరవచ్చు.
3. కుర్చీ కుడి చక్రానికి చేత్తో తిప్పే రింగు తీసేశాను, ఆ చెయ్యి దాన్ని ఎలాగూ పట్టలేదు. ఒక అంగుళం తగ్గి 22 ముప్పావు అయింది.

రెండు పక్కలా కలిపి ఒకటింపావు ఖాళీ. అమ్మ మొదటి రోజు రెండుసార్లు దార్వంద్రానికి తగిలించింది, మూడో రోజుకు తగలలేదు. దార్వంద్రం మధ్యగీతకు సరిగ్గా నేల మీద ఎర్ర టేపు అంటించాను, చూపు దాని మీద పెట్టి తోస్తుంది.

రింగు తీయడంతో ఇంకో ప్రమాదం వచ్చింది. రింగు ఉన్నప్పుడు చేతికీ స్పోకులకూ మధ్య అడ్డు ఉండేది. రెండో రోజు నాయన కుడి చెయ్యి ఆర్మ్‌రెస్ట్ మీద నుంచి జారి స్పోకుల పక్కన వేలాడుతుంటే అమ్మ చూసి ఆపింది. ఆ చేతికి స్పర్శ సరిగా లేదు, నలిగినా ఆయనకు తెలియదు. ఇంట్లో మిగిలిన నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువుగా రెండుగా కోసి, ఒక సగాన్ని దొప్పలా ఆర్మ్‌రెస్ట్ మీద బిగించి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, లోపల పాత తువ్వాలు పరిచాను. చెయ్యి అందులో పడుకుంటుంది. రింగు తీసే ముందే చేయాల్సిన పని ఇది.

వడ్రంగికి 400, బందులకు 140.

ఇప్పటిదాకా ఖర్చు: 7,430.

6వ దశ: గడప (ఫిబ్రవరి 6–12)

వీధి తలుపు గడప వేపమాను, మూడంగుళాలు. కోసేద్దామని ఒక్కసారి అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. మరుసటి రోజు శుక్రవారం. ఎప్పటిలాగే గడప కడిగి పసుపు రాసి కుంకుమ పెట్టింది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు. దేవుని కడపను తిరుమలకు తొలి గడప అని మొక్కి పోయే ఊరిలో ఇంటి గడప కోయడం ఆమె చేత కాదు, నా చేత కూడా కాదు.

గడపకు రెండు వైపులా చెక్క వాలు చేయించాను. ఎత్తు మూడు, పొడవు రెండడుగులు, అంటే ఎనిమిదికి ఒకటి. ఇంత చిన్న ఎత్తుకు ఇది నడుస్తుంది. నాయనను కూర్చోబెట్టి లాగి చూస్తే త్రాసు 11 కిలోలు చూపించింది. రెండడుగులే కాబట్టి ఊపుతో ఎక్కిపోతుంది.

లోపలి వాలును మేకులతో బిగించేశాం. రాత్రి తలుపు వేయబోతే పడలేదు. మా తలుపు లోపలికి తెరుచుకుంటుంది, రెక్క వచ్చి వాలుకు తగిలి ఆగిపోయింది. ఆ రాత్రి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాం. పొద్దున మేకులు ఊడదీసి, వాలును నిలువుగా రెండు ముక్కలు చేశాం. ఒక్కో ముక్క నాలుగున్నర కిలోలు, అమ్మ ఒక్కతే తీసి పక్కన పెడుతుంది. జారకుండా కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాను.

పాత ఇళ్లు పడగొట్టిన కలప 600, వడ్రంగికి 300.

ఇప్పటిదాకా ఖర్చు: 8,330.

7వ దశ: వసారా నుంచి నేలకు (ఫిబ్రవరి 13–మార్చి 8)

ఎత్తు 13 అంగుళాలు. మొదట పాత మంచం పలక ఆరడుగులది వేసి నాయనను కూర్చోబెట్టుకుని ఎక్కించబోయాం. సగంలో అమ్మ బలం చాలక కుర్చీ వెనక్కి జారింది. నేను వెనకే ఉండి పట్టుకున్నాను. నాయన ఎడమ చెయ్యి ఆర్మ్‌రెస్ట్ మీద బిగుసుకుపోయింది, చాలాసేపు వదల్లేదు. మనిషిని పెట్టి పరీక్ష చేయడం తప్పు. ఆ రోజు నుంచి ప్రతి పరీక్షా 25 కిలోల బియ్యం మూటలు రెండు, పైన 12 లీటర్ల నీళ్ల డబ్బా పెట్టి బెల్టుతో కట్టి చేశాను. సరిగ్గా 62 కిలోలు.

ఆ పలక మీద త్రాసు 16 కిలోలు చూపించింది. వాలు ఐదున్నరకు ఒకటి. పన్నెండుకు ఒకటి ఉండాలనేది అందరూ పాటించే లెక్క: ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. మాకు 13 అడుగులు కావాలి. వసారాకు, గేటుకు మధ్య తొమ్మిదడుగులే ఉంది.

నాలుగు రోజులు కాగితాల మీద గీసుకుంటూ కూర్చున్నాను. నాయనకు మాట ఇంకా ముద్దగా వస్తుంది. నా కాగితం చూసి ఎడమ చేతి వేలితో దాని మీద అడ్డంగా గీత గీశాడు. "ఎదురుగా ఎందుకురా... అడ్డం తిప్పు" అన్నాడు. ముంగిలి ముందుకు తొమ్మిదడుగులైనా పక్కకు ఇరవై ఉంది. గోడ వెంట వసారాకు సమాంతరంగా పోతే 13 అడుగులు నేరుగా వస్తాయి. నాయన ముప్పై ఏళ్లు ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఈ ప్రశ్న నేను మొదటి రోజే ఆయన్ను అడగాల్సింది.

బండలు కూడా ఆయనే ఎంచాడు. పాలిష్ బండ తడిస్తే జారుతుంది, పాలిష్ చేయని గరుకు ముఖంవే కావాలన్నాడు. నేను బండల అంగడి నుంచి ఫోన్ చేసి, ఒక్కో బండను చిన్న సుత్తితో తట్టి వినిపించాను. గట్టి బండ ఖంగుమంటుంది, లోపల చీలిక ఉంటే బొంగురుగా పలుకుతుంది. 14 బండల్లో మూడింటికి "వద్దు" అన్నాడు. మార్పించాను. అంగడివాళ్లు ఆ మూడింటిని ఎత్తి చూస్తే ఒకదాని కింద వెంట్రుక లాంటి గీత కనబడింది.

పని వరుస:

1. మూడడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు గుర్తులు. రెండు చివర్లా నీళ్ల పైపుతో మట్టం.
2. ఇటుక ముక్కలు, మట్టి నింపి దిమ్మిస కొట్టడం.
3. కాంక్రీటు, దాని మీద అడ్డంగా బండలు.
4. బయటి అంచున మూడంగుళాల ఇటుక గట్టు, చక్రం పక్కకు జారకుండా.
5. బండల మీద ఉలితో సన్నటి అడ్డ గాట్లు.
6. ఏడు రోజులు గోనె సంచులు కప్పి నీళ్లు.

మొదటి రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి కొలిచాను. కింది నాలుగడుగుల్లోనే ఆరంగుళాలు లేచింది. అక్కడ నాలుగే ఉండాలి. పైన చదునుగా, కింద నిటారుగా వచ్చింది. చివరి నుంచి చివరికి లెక్క సరిపోయింది కాబట్టి మేస్త్రీకి తప్పు కనబడలేదు. కాంక్రీటు వేయకముందే చూడటం మంచిదయింది, నింపిన మట్టి తీసి సర్దాం. వాలును మొదట్లో, చివర్లో మాత్రమే కాదు, ప్రతి రెండడుగులకూ కొలవండి.

బండలు 42 చదరపు అడుగులు 1,344, తోలినందుకు 400, సిమెంటు మూడు బస్తాలు 1,080, ఇసుక 900, మేస్త్రీ రెండు రోజులు 2,000, కూలీ 1,400. మొత్తం 7,124.

మార్చి 8న త్రాసు: 7.9 కిలోలు. అమ్మ నడుమ ఒక్కసారి ఆగి ఊపిరి తీసుకుని పైకి తోసింది. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, తాను కింద ఉండి దింపుతుంది. నల్లబండ కాబట్టి మధ్యాహ్నం కాలు పెట్టలేం. అమ్మకు ఇంట్లో చెప్పులు లేకుండా తిరగడం అలవాటు, అరికాళ్లు కాలాయి. ఇప్పుడు వాలు రెండు చివర్లా ఒక్కో జత చెప్పులు ఉంటున్నాయి. చేతి పట్టుకు పైపు కంచె వేయాలి, డబ్బు చూసుకుని.

ఇప్పటిదాకా ఖర్చు: 15,454.

8వ దశ: బ్రేకులు (మార్చి 15–20)

నాయనను కుర్చీ నుంచి మంచం మీదకు మారుస్తుంటే బ్రేకు వేసి ఉన్నా కుర్చీ రెండంగుళాలు జరిగింది. అప్పటికే ఆయన మంచం మీదకు చేరాడు కాబట్టి సరిపోయింది. చూస్తే ఎడమ టైరులో గాలి లేదు. గేటు బయట కంప చెట్ల ముల్లు ఒకటి దిగి ఉంది. ఈ బ్రేకు టైరును నొక్కి పట్టుకునే రకం. టైరు మెత్తబడితే నొక్కడానికి ఏమీ ఉండదు. అందుకే టైరు మార్చినా, గాలి తగ్గినా బ్రేకు పట్టు కూడా మారుతుంది.

1. పంక్చరు 50 రూపాయలు.
2. 10 నంబరు స్పానరుతో బ్రేకు బిగింపును టైరు వైపు ఐదు మిల్లీమీటర్లు జరిపాను.
3. బియ్యం మూటలతో వాలు నడుమ నిలిపి పది నిమిషాలు చూశాను. కదల్లేదు.
4. ప్రతి ఆదివారం పొద్దున బొటనవేలితో టైర్లు నొక్కి చూడటం, గాలి కొట్టడం నా పని.

కుడి బ్రేకు మాత్రం మిగిలిపోయింది. నాయన ఎడమ చెయ్యి అక్కడిదాకా అందదు, ప్రతిసారీ అమ్మ చుట్టూ తిరిగి వచ్చి వేయాలి. 20న అరంగుళం పీవీసీ పైపు ముక్క ఏడంగుళాలు కోసి, కుడి బ్రేకు పిడికి తొడిగి, వదులు లేకుండా లోపల గుడ్డ చుట్టి బిగించాను. పిడి ఇప్పుడు పొడుగై ఒడి వైపుకు వస్తుంది.

చెప్పకముందే నాయన ఎడమ చెయ్యి చాచి పైపును పట్టుకున్నాడు. మొదటిసారి సగం పడి ఆగింది. రెండోసారి టక్కుమని పడింది. తరువాత ఎడమది వేసుకున్నాడు. అమ్మ వెనక నుంచి తోసి చూసింది, కుర్చీ కదల్లేదు.

మొత్తం ఖర్చు: 15,504.